ప్రసంగానికి మంచి మార్కులే, వెంట వచ్చిన కాగితానికి కాదు: ఒబామా 2009 బడి సందేశంపై సమీక్ష

అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా 2009 సెప్టెంబరు 8న దేశంలోని బడిపిల్లలందరితో మాట్లాడిన వీడియో ఇది. వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్‌లోని వేక్‌ఫీల్డ్ హైస్కూలు నుంచి, అక్కడి తూర్పు కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు ప్రత్యక్ష ప్రసారం చేశారు. నిడివి సుమారు 18 నిమిషాలు. దీనికి తోడుగా అమెరికా విద్యాశాఖ టీచర్ల కోసం రెండు కృత్య పత్రాలు, అంటే పిల్లల చేత ఏమేం చేయించాలో చెప్పే కాగితాలు, తయారుచేసి పంపింది. చిన్నపిల్లల బడి నుంచి ఆరో తరగతి దాకా ఒకటి, ఏడు నుంచి పన్నెండు దాకా ఇంకొకటి. వీడియో, ప్రసంగ పాఠం రెండూ ఒబామా కాలపు వైట్‌హౌస్ వెబ్‌సైటును భద్రపరిచిన చోట ఉచితంగా దొరుకుతాయి. ఈ సమీక్ష వీడియో ఒక్కదాని మీదే కాదు, మొత్తం సరంజామా మీద. ఎందుకంటే అధ్యక్షుడు తన రాజకీయాన్ని పిల్లలకు ఎక్కిస్తాడేమోనని గొడవ రేగింది ప్రసంగం విన్నాక కాదు. గొడవ రేగేనాటికి ప్రసంగం ఎవరి చేతికీ రాలేదు.

మార్కులు ముందే చెప్పేస్తాను. ప్రసంగానికి పదికి ఎనిమిది. కృత్య పత్రం మొదటి ప్రతికి మూడు, దిద్దాక వచ్చిన ప్రతికి ఆరు. బడులకు చేర్చిన పద్ధతికి రెండు ఇవ్వడం కూడా ఎక్కువే.

ఇంత పాతదాన్ని ఇప్పుడు తిరగేయడానికి కారణం ఉంది. ప్రధాని సందేశం, ముఖ్యమంత్రి సందేశం, కలెక్టరు గారి సందేశం అంటూ మన బడులకూ ఏడాది పొడవునా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఫలానా రోజు ఫలానా టైముకి పిల్లలందరినీ టీవీ ముందు కూర్చోబెట్టమని హెచ్‌ఎం ఫోనుకి సర్క్యులర్ వస్తుంది. అందులో ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఎదుటి పార్టీ అభ్యంతరం చెబుతుంది. టీచరు మధ్యలో నలిగిపోతాడు. 2009 నాటి వ్యవహారంలో ప్రతి భాగమూ బయటికి కనిపిస్తుంది: పంపిన ఉత్తరం, పత్రంలోని వాక్యం, అభ్యంతరం, దిద్దుబాటు, చివరికి అసలు ప్రసంగం. ఎక్కడ పట్టు తప్పిందో వేలు పెట్టి చూపించవచ్చు.

కృత్య పత్రం

విద్యాశాఖలో ఫెలోలుగా పనిచేస్తున్న టీచర్లే ఈ పత్రాలు రాశారు. అది చదువుతుంటే తెలిసిపోతుంది. తరగతి నడిపిన చేతులవి. ప్రసంగానికి ముందు, వింటూ ఉండగా, విన్నాక అని మూడు భాగాలు చేశారు. ముందు భాగంలో అధ్యక్షుడి గురించి కొంత చదివించడం, ఆయన ఏం చెప్పబోతున్నాడో పిల్లల్ని ఊహించమనడం. వినేటప్పుడు ముఖ్యమైన మాటలు రాసుకోమనడం, ఇంకా రాయడం రాని పిల్లలైతే బొమ్మ వేయమనడం. విన్నాక చర్చ, ఆపైన రాత పని.

రాత పనుల్లో కొన్ని నిజంగా వాడుకోదగ్గవి. పిల్లలు తమ లక్ష్యాలతో పోస్టరు తయారుచేయాలి. దాన్ని నాలుగు గళ్లుగా విడగొట్టి వ్యక్తిగతం, చదువు, ఊరు, దేశం అని పేర్లు పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 'నీ లక్ష్యం ఏమిటి' అని ఊరికే అడిగితే తరగతిలో సగం మంది డాక్టరు, మిగతా సగం ఇంజనీరు అని రాసి పెన్ను మూసేస్తారు. నాలుగు గళ్లు ఉంటే మూడో గడి దగ్గర ఆగి ఆలోచిస్తారు. మా వీధి చివర పంపు దగ్గర బురద అని ఒకరు, లైబ్రరీ లేదు అని ఒకరు రాస్తారు. రంగు కార్డుల మీద లక్ష్యాలు రాసి గోడకు అంటించడం, ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసి తరగతికి చెప్పడం, సాధించినంత మేరకు గ్రాఫు గీయడం కూడా ఉన్నాయి. పెద్ద తరగతుల పత్రంలో ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నారు, ఆ సంగతి నీకెలా తెలిసింది, స్వరం ఎలా ఉంది అనే ప్రశ్నలున్నాయి. ఏ నాయకుడి ఏ ప్రసంగానికైనా పనికొచ్చే ప్రశ్నలవి.

ఇక కొంప ముంచిన వాక్యం. చిన్న తరగతుల పత్రంలో, ప్రసంగం తర్వాత చేయించాల్సిన పనుల్లో ఉంది: అధ్యక్షుడికి సాయపడటానికి తాము ఏం చేయగలరో పిల్లలు తమకు తామే ఉత్తరం రాసుకోవాలి, టీచరు వాటిని తీసి ఉంచి, తర్వాత తగిన సమయంలో తిరిగి ఇవ్వాలి, అలా పిల్లలు తమ లక్ష్యాలకు జవాబుదారీ అవుతారు.

తనకు తాను ఉత్తరం రాసుకోవడం పాత పద్ధతే, మంచి పద్ధతే. జూన్‌లో రాయించి మార్చిలో తిరిగి ఇచ్చే టీచర్లు మన దగ్గరా ఉన్నారు. ఇక్కడ మూడు సంగతులు ఒక్కచోట చేరాయి. ఉత్తరంలో ఉండాల్సింది పిల్లవాడి చదువు కాదు, ఒక మనిషికి చేయబోయే సాయం. ఆ మనిషి పార్టీ నాయకుడు కూడా. రాసిన కాగితం పిల్లవాడి దగ్గర ఉండదు, ప్రభుత్వ బడి టీచరు బీరువాలో ఉంటుంది. పైగా దాన్ని చూపించి తర్వాత లెక్క అడుగుతారు. వీటిలో ఏ ఒక్కటి విడిగా ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. మూడూ కలిసేసరికి, ఆ అధ్యక్షుడికి ఓటు వేయని తల్లిదండ్రుల కంట్లో అది పిల్లల చేత రాయించుకునే హామీపత్రంలా పడింది. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉందని నేను అనుకోను. కానీ చదివేవాళ్లకు రాసినవాళ్ల మనసు కనిపించదు, వాక్యమే కనిపిస్తుంది.

సెప్టెంబరు 2న దాన్ని మార్చారు. తమ స్వల్పకాలిక, దీర్ఘకాలిక చదువు లక్ష్యాలను ఎలా సాధించగలరో ఉత్తరం రాసుకోవాలి అని పెట్టారు. అదే కృత్యం, అదే కాగితం, పట్టే టైము అంతే. అధ్యక్షుడి ప్రస్తావన పోయినందువల్ల పాఠానికి ఒక్క రవ్వ నష్టం జరగలేదు. అంటే ఆ ప్రస్తావన మొదటినుంచీ అక్కర్లేనిదే. మార్కులు మూడు నుంచి ఆరుకు పెంచింది ఇందుకే.

తొమ్మిది ఎందుకు కాదంటే, అందరి కళ్లూ ఆ ఒక్క వాక్యం మీదే పడటంతో మిగతావి వెనక్కి వెళ్లిపోయాయి. అధ్యక్షుడు, మేయరు, సెనేటర్లు, గవర్నరు చెప్పేది మనం వినడం ఎందుకు ముఖ్యం అని చిన్నపిల్లల్ని అడగమన్నారు. జవాబు ప్రశ్నలోనే పెట్టేసిన ప్రశ్న ఇది. వినడం ముఖ్యమా కాదా అని ఏడేళ్ల పిల్ల ఆలోచించడానికి చోటు లేదు. పెద్ద తరగతులకు, ఆ అధ్యక్షుడే గతంలో చదువు గురించి అన్న మాటల్ని బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టమన్నారు. ఒక్క నాయకుడి మాటలే గోడకెక్కితే అది తరగతి గదిలా ఉండదు. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురి మాటలు, ఎదుటి పార్టీ వాళ్లవి కూడా రాసి, ఎవరివో పేర్లు దాచి, పోల్చమంటే అదే పని చక్కటి పాఠం అయ్యేది.

పంపిణీలో ఏం తప్పింది

తేదీలు వరసగా పెట్టి చూస్తే చాలు. విద్యాశాఖ మంత్రి ఆర్నీ డంకన్ ప్రిన్సిపాళ్లకు ఉత్తరం రాసింది ఆగస్టు 26న. ఒబామాకు ఎదుటి పక్షమైన రిపబ్లికన్ పార్టీకి ఫ్లారిడా అధ్యక్షుడు జిమ్ గ్రీర్, పన్నుల సొమ్ముతో ఒబామా సోషలిస్టు భావజాలాన్ని పిల్లలకు ఎక్కిస్తున్నారని ప్రకటన ఇచ్చింది సెప్టెంబరు 1న. మర్నాడు పత్రం దిద్దారు. ప్రసంగ పాఠం బయటపెట్టింది సెప్టెంబరు 7న. ఆ రోజు లేబర్ డే, దేశమంతా సెలవు. ప్రసంగం 8న. చాలా బడి జిల్లాల్లో (అక్కడ ఒక్కో ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థలివి) వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే మొదటి రోజు కూడా అదే.

అంటే ఉత్తరానికీ పాఠానికీ మధ్య పన్నెండు రోజుల ఖాళీ. ఆ పన్నెండు రోజులూ జనం చేతిలో ఉన్నది కృత్య పత్రం ఒక్కటే. ప్రసంగంలో ఏముంటుందో తెలియనప్పుడు పత్రాన్ని బట్టి ఊహించుకున్నారు. ఆయన ఏం మాట్లాడబోతున్నాడో ఎవరికీ తెలిసినట్టు లేదని టెక్సస్ గవర్నరు రిక్ పెర్రీ అన్నప్పుడు, ఆ ఒక్క మాట వరకు అది నిజం. పాఠం ఆగస్టు 26నే ఉత్తరంతో పాటు పంపి ఉంటే గ్రీర్ ప్రకటనకు ఊతమే ఉండేది కాదు. పాఠం వచ్చాక ఆయనే ఇది మంచి ప్రసంగం, మా పిల్లలకు చూపిస్తానని చెప్పారు. మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ భార్య, స్వయంగా టీచరుగా పనిచేసిన లారా బుష్ కూడా అధ్యక్షుడు బడిపిల్లలతో మాట్లాడటంలో తప్పు లేదన్నారు. రిపబ్లికన్ల పాత కాపు న్యూట్ గింగ్రిచ్ మాటా అదే.

సెలవు రోజున పాఠం విడుదల చేయడం టీచర్లకు జరిగిన అన్యాయం. మర్నాడు పిల్లలకు చూపించేది ముందుగా చదువుకుని, ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకుని, అడగబోయే ప్రశ్నలు మార్చుకునే వ్యవధి వాళ్లకు దక్కలేదు. బడి మొదటి రోజు కాబట్టి తల్లిదండ్రులకు చీటీ పంపే దారి కూడా చాలా చోట్ల లేదు.

సమయం ఎంపిక ఇంకో తలనొప్పి. తూర్పు తీరంలో 12 అంటే మధ్య రాష్ట్రాల్లో 11, కొండ ప్రాంతంలో 10, పసిఫిక్ తీరంలో ఉదయం 9. తూర్పున సరిగ్గా భోజనాల వేళ. అక్కడి బడుల్లో పిల్లలు ఒక్కసారిగా తినరు, తరగతుల వారీగా వంతులుంటాయి. ఒక వంతుకు ప్రసంగం దొరికితే ఇంకో వంతుకు కాంటీన్ దొరుకుతుంది. ఇక ఇంటర్నెట్ ద్వారా చూద్దామంటే, ఒక బడిలో ముప్పై గదులు ఒకేసారి ఒకే ప్రసారాన్ని లాగితే అప్పటి కనెక్షన్లకు అది మోయలేని బరువు. ప్రభుత్వ కార్యక్రమాలు చూపించే సీ-స్పాన్ టీవీ చానెల్ ఉన్న బడులు నయం. ముందే రికార్డు చేసి మూడు రోజులు ముందుగా పంపి ఉంటే ఈ చిక్కులేవీ ఉండేవి కావు. ప్రత్యక్ష ప్రసారం వల్ల నాయకుడికి కళ వస్తుంది. తరగతికి రికార్డింగే మేలు.

బడి జిల్లాలు అమెరికాలో సుమారు 14 వేలు. పాఠ్యాంశాలను కేంద్ర విద్యాశాఖ శాసించకూడదని ఆ శాఖను ఏర్పరచిన 1979 చట్టమే చెబుతుంది. కాబట్టి ఈ పత్రం ఐచ్ఛికమే. కానీ కేంద్రమంత్రి సంతకంతో ప్రిన్సిపాలుకు వచ్చిన కాగితాన్ని ఐచ్ఛికమని ఎవరు చదువుతారు? జిల్లాలు తలో దారి పట్టాయి. కొన్ని ప్రత్యక్షంగా చూపించాయి. కొన్ని రికార్డు చేసి, పరిశీలించి, తర్వాత చూపిస్తామన్నాయి. కొన్ని టీచరు ఇష్టానికి వదిలేశాయి. కొన్ని తల్లిదండ్రుల చేత చీటీ రాయించుకున్నాయి. కొన్ని అసలు వద్దన్నాయి.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు తెలిసిన ఊరే టెక్సస్‌లోని ఆర్లింగ్టన్. అక్కడి బడి జిల్లా తరగతికి అంతరాయం అంటూ ఒబామా ప్రసంగాన్ని ప్రత్యక్షంగా చూపించకూడదని నిర్ణయించింది. అదే నెలలో జార్జ్ డబ్ల్యూ బుష్ పాల్గొనే సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) సంబంధిత కార్యక్రమానికి కొందరు పిల్లల్ని స్టేడియానికి తీసుకెళ్లే ఏర్పాటు మాత్రం ఉంది. రెండూ పక్కపక్కన కనబడేసరికి విమర్శ వచ్చింది, సూపరింటెండెంట్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. నియమం పెట్టుకుంటే అన్ని పార్టీల నాయకులకూ ఒకటే పెట్టుకోవాలి, అదీ ఎవరూ రాకముందే రాసి పెట్టుకోవాలి.

ప్రసంగం ఎలా ఉంది

మొదలే చక్కగా పట్టుకుంటుంది. చిన్నప్పుడు ఇండోనేషియాలో ఉండగా, అక్కడి అమెరికన్ బడికి పంపే స్తోమత లేక, తల్లి సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి పాఠాలు చెప్పేదట. నిద్ర ఆగక విసుక్కుంటే, నాకేమైనా ఇది సరదానా అని ఆవిడ గదమాయించేదట. ఏ దేశం పిల్లలకైనా ఇది ఇట్టే అర్థమయ్యే ముచ్చట.

తర్వాత అసలు వాదన మొదలవుతుంది. టీచర్ల బాధ్యత గురించి, తల్లిదండ్రుల బాధ్యత గురించి, ప్రభుత్వ బాధ్యత గురించి ఇంతకుముందు చాలాసార్లు మాట్లాడాను, అవన్నీ ఎంత బాగున్నా మీ వంతు మీరు చేయకపోతే ఏదీ పనికిరాదు అంటాడు. ప్రసంగానికి వెన్నెముక ఇదే. పన్నులు, ఆరోగ్య బీమా, యుద్ధం వంటి ఆనాటి రాజకీయ తగాదాల ఊసు ఎక్కడా లేదు. భయపడిన తల్లిదండ్రులు వెతికితే దొరికేది ఒక్క వాక్యం: మీ తరగతి గదులు బాగుచేయడానికి, మీకు కావాల్సిన పుస్తకాలు, పరికరాలు, కంప్యూటర్లు తేవడానికి నేను కష్టపడుతున్నాను అన్నది. తన పనిని తాను చెప్పుకోవడం అక్కడొక్కచోటే. అదీ లేకపోతే ఇంకా బాగుండేది.

బరువైన వాక్యం ఇంకొకటి ఉంది. బడి మానేస్తే నీ మీద నువ్వు ఆశ వదులుకోవడమే కాదు, నీ దేశం మీద కూడా వదులుకున్నట్టే అంటాడు. హైస్కూలు పిల్లలకు సరే. కానీ ఇంట్లో పరిస్థితి బాగాలేక చదువు ఆపాల్సి వచ్చిన పిల్ల తరగతిలో ఉంటే ఆ మాట గుచ్చుకుంటుంది. చూపించే టీచరు అక్కడ ఆపి రెండు మాటలు చెప్పాలి.

మధ్యలో డాక్టరు, నర్సు, పోలీసు, ఆర్కిటెక్టు, లాయరు అంటూ సాగే జాబితా కాస్త నీరసం. చిన్న పిల్లలు కదలడం మొదలుపెట్టేది అక్కడే. అది దాటాక మళ్లీ పుంజుకుంటుంది. తండ్రి రెండేళ్ల వయసులోనే వదిలి వెళ్లిపోవడం, ఒంటరి తల్లి పెంపకం, తాను చేసిన పొరపాట్లు సూటిగా చెబుతాడు. ఆపైన ముగ్గురు పిల్లల ఉదాహరణలు. బడిలో చేరేనాటికి ఇంగ్లీషు రాని టెక్సస్ అమ్మాయి, మూడేళ్ల వయసు నుంచి మెదడు క్యాన్సరుతో పోరాడుతూ చదువుకున్న కాలిఫోర్నియా అబ్బాయి, ఒక అనాథ సంరక్షణ ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ చదివిన షికాగో అమ్మాయి. ప్రసంగంలో అత్యుత్తమమైన భాగం ఇదే. పేరు మోసినవాళ్ల కథల కన్నా ఈ ముగ్గురివే పిల్లల మీద ఎక్కువ పనిచేస్తాయి.

బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ను హైస్కూలు జట్టులోంచి తీసేసిన సంగతి కూడా వస్తుంది. ఓటమి గురించిన ఈ భాగం, సాయం అడగడం బలహీనత కాదు అనే భాగం, రెండూ కలిపి నాలుగైదు నిమిషాలు కూడా ఉండవు. కానీ పరీక్ష తప్పిన పిల్లవాడికి ప్రసంగం మొత్తంలో కావాల్సినది అదే. ఫ్లూ భయం ఉన్న సంవత్సరం కాబట్టి చేతులు కడుక్కోమని, ఒంట్లో బాగాలేకపోతే బడికి రావద్దని కూడా చెప్పాడు. అలాంటి మామూలు మాట ఒకటి పడటం వల్ల ఉపన్యాసం పెద్దాయన ఇంటి మాటలా మారింది.

ప్రసంగానికి ముందు అదే బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన ముచ్చట విడిగా దొరుకుతుంది. బతికున్నవాళ్లలోగానీ పోయినవాళ్లలోగానీ ఎవరితో కలిసి భోంచేయాలని ఉందని ఒక విద్యార్థి అడిగితే, గాంధీ అన్నాడు. ఫేస్‌బుక్‌లో ఏం పెడుతున్నారో జాగ్రత్త అన్నదీ అక్కడే. నన్నడిగితే మన పిల్లలకు ప్రసంగం కన్నా ముందు ఇది చూపించాలి. పిల్లలు ప్రశ్న వేయడం, నాయకుడు ఆలోచించి జవాబు చెప్పడం కనిపిస్తుంది.

1991 నాటి సరుకుతో పోలిక

ఇదేమీ మొదటిసారి కాదు. రొనాల్డ్ రీగన్ 1988 నవంబరు 14న జూనియర్ హైస్కూలు పిల్లలతో మాట్లాడినప్పుడు పన్నుల విషయం కూడా ఎత్తారు. అసలైన పోలిక మాత్రం 1991 అక్టోబరు 1తో. ఆ రోజు అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ వాషింగ్టన్‌లోని ఆలిస్ డీల్ జూనియర్ హైస్కూలు తరగతి గదిలోంచి దేశంలోని పిల్లలతో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడారు. బుష్ రిపబ్లికన్ కాబట్టి అప్పుడు గోల చేసింది ఒబామా పార్టీ అయిన డెమోక్రాట్లు. ప్రసార ఏర్పాట్లకు విద్యాశాఖ నుంచి 26,750 డాలర్లు ఖర్చు పెట్టడాన్ని పట్టుకున్నారు. విద్యాశాఖ పని అధ్యక్షుడికి రాజకీయ ప్రకటనలు తీసిపెట్టడం కాదని ప్రతినిధుల సభలో వారి నాయకుడు రిచర్డ్ గెఫార్ట్ ధ్వజమెత్తారు. ఆడిట్ సంస్థ చేత విచారణ చేయించారు. చట్టవిరుద్ధం ఏమీ లేదని తేలింది.

ఇందులో టీచర్లు గమనించాల్సింది ఒకటుంది. మన లక్ష్యాలు సాధించడానికి మీరెలా సాయపడగలరో నాకు ఉత్తరం రాయండి అని ఆ రోజు బుష్ పిల్లలను అడిగారు. 2009లో పత్రంలోంచి తీసేయించిన వాక్యానికి ఇది దాదాపు తోబుట్టువు. 1991లో గొడవ ఖర్చు మీద నడిచింది, 2009లో ఉత్తరం మీద నడిచింది. తేడా ఎందుకొచ్చిందంటే, బుష్ ఆ మాట ప్రసంగంలో ఒక మనిషి అడిగినట్టు అడిగారు, రాయడమూ మానడమూ పిల్లల ఇష్టం. 2009లో అది టీచరు చేయించాల్సిన పనిగా కాగితం ఎక్కింది. నాయకుడు అడగడం వేరు, బడి అడగడం వేరు. నాయకుడి మాట టీవీ ఆపితే ఆగిపోతుంది. బడి ఇచ్చిన పనికి పిల్లవాడు లొంగక తప్పదు.

ఒబామా తర్వాతి ఏళ్లలోనూ ఇలాంటి ప్రసంగాలు చేశారు. 2010 సెప్టెంబరు 14న ఫిలడెల్ఫియాలోని మాస్టర్‌మన్ స్కూలులో, 2011 సెప్టెంబరు 28న వాషింగ్టన్‌లోని బానెకర్ హైస్కూలులో. మొదటి దాని స్థాయి రచ్చ మళ్లీ జరగలేదు. చూసినదానికి భయపడటం కష్టం, చూడనిదానికి భయపడటమే సులువు.

మన దగ్గర 2014

మన దేశంలో దీనికి దగ్గరి వరస 2014 సెప్టెంబరు 5. ప్రధాని నరేంద్ర మోదీ ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఢిల్లీ మానెక్‌షా సెంటర్ నుంచి దేశంలోని బడిపిల్లలతో మాట్లాడారు. మధ్యాహ్నం 3 గంటల నుంచి 4.45 దాకా కార్యక్రమం. మానవ వనరుల శాఖ సర్క్యులర్ చూసి ఇది తప్పనిసరి అనుకున్నారు. కాదు, ఐచ్ఛికమేనని మంత్రి స్మృతి ఇరానీ తర్వాత వివరణ ఇచ్చారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఏర్పాట్లు కుదరవంది. ఆ సందర్భంగా కేంద్రం వాడిన గురు ఉత్సవ్ అనే సంస్కృత పేరు మీద తమిళనాడు నాయకులు మండిపడ్డారు. తప్పనిసరా కాదా అన్నది మొదటి కాగితంలోనే స్పష్టంగా రాయకపోవడం, వాషింగ్టన్‌లో జరిగిన తప్పే ఢిల్లీలోనూ జరిగింది.

మోదీ కార్యక్రమంలో ఒక మేలు ఉంది. పోర్ట్ బ్లెయిర్, ఇంఫాల్, లేహ్, దంతేవాడ లాంటి దూరపు ఊళ్ల పిల్లలు వీడియోలో నేరుగా ప్రశ్నలడిగారు. ప్రధాని కావాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఒబామా ప్రసంగంలో ఆ భాగం కెమెరా ముందు ప్రధాన ప్రసారంలో లేదు. మోదీ కార్యక్రమంలో లోపం నిడివిది, భాషది. గంటా ముప్పావు ఏ ప్రాథమిక తరగతికైనా ఎక్కువ. తెలుగు మాధ్యమం ప్రభుత్వ బడుల్లో హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో. ఆ లోపు పిల్లలకు హిందీలో గంటకు పైగా ప్రసారం అంటే కదలకుండా కూర్చోవడమే పని. తెలుగు ఉపశీర్షికలతో 15 నిమిషాలకు కుదించిన ప్రతి మర్నాడు పంపినా పదింతలు ఉపయోగపడేది. 2018 ఫిబ్రవరి 16న ఢిల్లీ తాల్కతోరా స్టేడియంలో మొదలైన, పరీక్షల గురించి ప్రధాని విద్యార్థులతో మాట్లాడే పరీక్షా పే చర్చలో ప్రశ్న-జవాబు పద్ధతినే ప్రధానం చేశారు. అది సరైన మార్పు.

తరగతిలో వాడదలిస్తే

ఒబామా వీడియోను ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు లేదా సాంఘిక శాస్త్రం పీరియడ్లో వాడవచ్చు. ఐదో తరగతి లోపు వద్దు. 45 నిమిషాల పీరియడ్లో 18 నిమిషాల వీడియో ఏకబిగిన పెడితే హాజరు పోను చర్చకు ఇరవై నిమిషాలు కూడా మిగలవు. రెండు పీరియడ్లు తీసుకోవడమే మంచిది. మొదటి రోజు ఇండోనేషియా ముచ్చట, బాధ్యతల భాగం. రెండో రోజు ముగ్గురు పిల్లలు, ఓటమి భాగం. వృత్తుల జాబితా దాటించేయండి. వీడియో ముందే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తరగతిలో డిజిటల్ ప్యానెల్ ఉన్నా నెట్ మీద ఆధారపడవద్దు. పాఠం అచ్చు తీసి ఇద్దరికి ఒక ప్రతి ఇస్తే, అమెరికన్ ఉచ్చారణ అందని పిల్లలు కాగితం మీద వేలుపెట్టి వెంటవస్తారు. సంరక్షణ ఇల్లు అంటే ఏమిటో, ఆట జట్టులోంచి తీసేయడం వాళ్ల బడుల్లో ఎంత పెద్ద విషయమో ముందే రెండు నిమిషాల్లో చెప్పాలి.

రాయించే పనిలో నాయకుడి పేరు రానివ్వవద్దు. రాసిన కాగితం పిల్లల నోటుబుక్కులోనే ఉండనివ్వండి, దానికి మార్కులు వేయవద్దు. ఏ వాక్యంతో నువ్వు ఒప్పుకోవు, ఎందుకు అనే ప్రశ్న తప్పకుండా చేర్చండి. దేశం మీద ఆశ వదులుకోవడం గురించిన మాట దగ్గర ఈ ప్రశ్న అడిగితే మంచి చర్చ నడుస్తుంది.

ఏ నాయకుడి సందేశమైనా సరే, తల్లిదండ్రులకు వారం ముందు ఒక చీటీ వెళ్లాలి. అందులో ఎవరు మాట్లాడతారు, ఎంతసేపు, పాఠం ఎక్కడ చదవవచ్చు, పిల్లవాడు కూర్చోకపోతే ఆ సమయంలో ఏం చేస్తాడు అనే నాలుగు సంగతులు ఉంటే చాలు. కూర్చోని పిల్లలను వరండాలో నిలబెట్టకూడదు. లైబ్రరీలో, ఒక టీచరు దగ్గర, అంతే విలువైన ఇంకో పని ఇవ్వాలి. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులైతే టీచరును నిలదీయకుండా ప్రిన్సిపాలుకు మెయిల్ పెట్టి పాఠం, కృత్య పత్రం రెండూ ముందుగా అడగండి. అడిగితే ఇస్తారు. పిల్లవాడిని ఆపాలా వద్దా అన్నది ఆ రెండూ చదివాక తేల్చుకోండి.

వీలైతే రెండో రోజు చివర 1991 బుష్ ప్రసంగంలోని ఉత్తరం వాక్యాన్ని, 2009 పత్రంలోని పాత వాక్యాన్ని, దిద్దిన వాక్యాన్ని బోర్డు మీద కిందామీదా రాయండి. ఏది ఎవరిదో చెప్పకుండా, మీ అమ్మానాన్నలు ఏ వాక్యానికి అభ్యంతరం చెబుతారని అడగండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ తేడాను పది నిమిషాల్లో పట్టేస్తారు.